మూడో అరాలి

పోయిన వారం చదవనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఫోర్ట్ పోర్టల్‌లో పశువైద్యురాలు కునిహిర. టోరో ప్రాంతమంతా మందల వెంట ఏళ్ళ తరబడి తిరిగి, ఏ మందుకీ చావని పిడుదులు ఎక్కడెక్కడ పాతుకుపోయాయో ఒక పటం గీసింది. ఆ పటంతో పంపిన వ్యాసాన్ని పశువైద్యుల సంఘం కార్యదర్శి డాక్టర్ అటుహైరె ‘ఇంకా పచ్చిగా ఉంది’ అని తిప్పి పంపాడు. ఆ ఏడుపులో ఉండగా, ఉద్యోగస్థులంతా ఒకరి వీపు ఒకరు గోక్కోవడానికి పెట్టుకున్న సైటు ఒకటుంది కదా, అందులో కంపాలా ప్రొఫెసర్ కాస్మస్ బగూమా అంతటివాడు ఆమెను పలకరించాడు. ఇద్దరూ టోరోవాళ్ళే కాబట్టి ముందు ఎంపాకోలు చెప్పుకున్నారు. అక్కడ ప్రతివాళ్ళకీ అసలు పేరు కాక, పసితనంలో ఇంట్లోవాళ్ళు పెట్టిన ముద్దుపేరు ఒకటుంటుంది. ఉన్నవి డజను పేర్లే, అందులోనే అందరూ సర్దుకోవాలి. అది అడక్కుండా పలకరింపు మొదలవదు, ఒకసారి విన్నాక మర్చిపోతే అంతకన్నా అవమానం లేదు. అతను అరాలి, ఆమె అబ్వోలి. ఆ చనువుతో ఆమె పటం పంపింది, కొలతలు పంపింది, చెప్పకూడని కబుర్లు కూడా చెప్పింది. ‘ఈ ఏడు సంఘం సభలకు రాకు, ఖర్చు దండగ, నీ గురించి నేనే నలుగురికీ చెబుతాను’ అన్నాడతను. ఆమె చెప్పకుండా వచ్చింది. సరస్సు ఒడ్డు హోటల్లో ప్రారంభోపన్యాసం జరుగుతుంటే తన పటం తెర మీద కనిపించింది. కింద ప్రొఫెసర్ బగూమా పేరు.

చప్పట్లు ఆగాయి. టీకి వదిలారు.

టీకి వదిలిన జనంలో టీ తాగేవాళ్ళు మాత్రం లేరు. అల్లం టీ చల్లారిపోతోంది, సమోసాలు పళ్ళేల్లో మెత్తబడుతున్నాయి. అందరూ ఫోన్లు పట్టుకుని ఒకరి మెడలో వేలాడే కార్డు మీది కోడ్‌ను ఒకరు స్కాన్ చేసుకుంటున్నారు. సంతలో దళారీకైనా పశువు నోరు తెరిచి పళ్ళు చూడాలన్న ఇంగితం ఉంటుంది. వీళ్ళకి అదీ లేదు. కోడ్ పడిందా, ‘కలిసినందుకు సంతోషం’, అంతే. ఆ సంతోషం నోట్లో ఉండగానే కళ్ళు పక్కవాడి కార్డు మీదికి పోతాయి. కునిహిర కార్డును కూడా ఒకాయన స్కాన్ చేశాడు. ‘జిల్లా పశువైద్యాధికారి’ అన్న ముక్క చదివి, బురదలో కాలు పెట్టినవాడిలా మొహం పెట్టి పక్కకు తప్పుకున్నాడు.

గోడకు పెద్ద తెర కట్టారు. సభ పేరు తగిలించి ఎవరేం రాసినా అది ఆ తెర మీద పడుతుంది. ‘కళ్ళు తెరిపించిన పటం!’ ‘మన ప్రొఫెసర్, మన గర్వం!’ అని ఒకదాని వెనక ఒకటి పొగడ్తలు పడుతున్నాయి. రాసినవాళ్ళలో సగం మంది ఉపన్యాసం జరుగుతున్నంతసేపూ వరండాలో సెల్ఫీలు దిగుతూ ఉన్నవాళ్ళే. ఆ సంగతి కునిహిర కళ్ళారా చూసింది. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

ప్రొఫెసర్‌తో ఫొటో కోసం వరస కట్టారు. ఆమె కూడా నిలబడింది. వరసను అదుపు చేస్తున్నది నాంటోంగో అనే అమ్మాయి, ప్రొఫెసర్ ప్రచారం పనులు చూస్తుంది. ఒక్కొక్కరినీ ఆయన పక్కకు నెట్టడం, ఫొటో తీయడం, అవతలికి లాగేయడం. పిడుదుల మందు తొట్టిలోకి దూడల్ని తోలినట్టే తోలుతోంది.

కునిహిర వంతు వచ్చింది. ఆరు నెలలుగా మనసులో సిద్ధం చేసుకున్న పలకరింపు ఎంత వద్దనుకున్నా నోటికి వచ్చేసింది.

“బాగున్నారా, అరాలి?”

ప్రొఫెసర్ వెనక్కి తిరిగి చూశాడు. వెనక కుండీలో మొక్క తప్ప ఎవరూ లేరు.

“ఎవర్నమ్మా పిలుస్తున్నావు?” అన్నాడు. అంతలోనే మొహం వెలిగింది. “ఓహో, మన టోరో పిల్లవా! ఇందాకట్నుంచి ఒక్కళ్ళన్నా మనవాళ్ళు తగుల్తారా అని చూస్తున్నా. ఏదీ, నీ ఎంపాకో చెప్పు ముందు.”

చెంప మీద కొట్టినా ఆమెకు అంత తగిలేది కాదు. రోజూ పొద్దున్నే ‘అబ్వోలి, లేచావా’ అని రాసిన మనిషి, నీ ఎంపాకో ఏమిటని అడుగుతున్నాడు!

“మీకు తెలీదా?” అంది.

“మొహం చూసి చెప్పడానికి నేనేమన్నా సోదె చెప్పేవాణ్ణా?” అన్నాడు ప్రొఫెసర్. వరసలో ఉన్నవాళ్ళంతా పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. ప్రొఫెసర్ తుమ్మినా నవ్వేటట్టున్నారు వాళ్ళు.

“నేను అబ్వోలిని. మీరు అరాలి. ఆరు నెలల్నుంచి మెసేజుల్లో...”

“నేనెక్కడి అరాలినమ్మా? నేను అమూటీని. ఫోర్ట్ పోర్టల్లో ఏ కొట్టు ముందు నిలబడి అడిగినా చెబుతారు. ఎంపాకో మారిస్తే మా అమ్మ గోతిలోంచి లేచొచ్చి తన్నదూ?”

కునిహిర ఫోన్ తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని చేయి చాపినంత దూరం పట్టుకుని కళ్ళు చికిలించి చదివాడు. చదివినకొద్దీ ఆయనకు విసుగు పుట్టింది గానీ, సిగ్గు మాత్రం ఎక్కడా పుట్టలేదు.

“ఇదా! ఇది నా ఖాతానేలే. ఇవన్నీ ఆఫీసువాళ్ళూ, సంఘంవాళ్ళూ చూసుకుంటారు. ఎవడు రాశాడో నాకేం తెలుసు? జిల్లాకొక డాక్టరు రాస్తుంటే అందరికీ నేనే కూర్చుని జవాబులు కొట్టాలా?”

“నా పటం పంపించాను సార్ వాళ్ళకి. ఇందాక మీరు చూపించిన పటం అదే. అది నాది.”

“నెమ్మది, నెమ్మది.” ఆయన గొంతు తగ్గించాడు, చిరునవ్వు మాత్రం ఫొటో కోసం అలాగే ఉంచాడు. “అది మా బృందం గీసిన పటం. ఆ ఎండల్లో ఆ కొండల్లో నానా అగచాట్లూ పడి గీశారు పాపం.”

“ఎవరు పడ్డారు సార్? ఒక్కళ్ళ పేరు చెప్పండి.”

“బృందం అంటే బృందమే. పేర్లేమిటి?” అన్నాడు ప్రొఫెసర్. “చూడమ్మా, జిల్లాల్లో మీకు బోలెడు పని. దూడ అడ్డం తిరిగితే లాగండి, ఆవుకి జ్వరమొస్తే సూది వెయ్యండి. సైన్సు సంగతి మేం చూసుకుంటాం. సరేనా? ఇటు చూసి నవ్వు.”

నాంటోంగో ఫొటో తీసేసింది. “అయిపోయింది మేడమ్, జరగండి, వెనక జనం ఉన్నారు.”

కునిహిర ఇంకా తేరుకోకముందే ఆ ఫొటో గోడ మీది తెరకెక్కింది. నోరు తెరుచుకుని నిలబడిన ఆమె, పక్కన పళ్ళు బయటపెట్టిన ప్రొఫెసర్. కింద ‘యువ వైద్యులకు తరగని స్ఫూర్తి’ అని రాసి ఉంది. చూస్తుండగానే దానికి లైకులు కూడా పడ్డాయి. సొమ్ము పోగొట్టుకున్నదాన్ని దొంగ పక్కన నిలబెట్టి ఫొటో తీసి, అతని చలవే అని రాసి పెట్టారు. ఇలాంటివాళ్ళ మెప్పు కోసమా నేను రాత్రుళ్ళు కూర్చుని ఫోన్ నొక్కుకుంటూ గడిపాను అనుకుంది. తన మీద తనకే రోత పుట్టింది.

కానీ రోతతో పాటు బుర్ర కూడా పనిచేయడం మొదలుపెట్టింది. ప్రొఫెసర్ అమూటీ. రాసినవాడు అరాలి అన్నాడు. నాంటోంగో గండా పిల్ల, వాళ్ళలో ఎంపాకోలే ఉండవు. కాబట్టి రాసినవాడు టోరోలో పెరిగిన మనిషి. ఆరు నెలలపాటు ప్రొఫెసర్ భాష, ప్రొఫెసర్ బడాయి, ప్రొఫెసర్ దగ్గు కూడా రాతలో దింపగలిగినవాడు ఈ ఒక్కచోట ఎలా తప్పాడు? ఎలాగంటే, నీ ఎంపాకో ఏమిటని అడిగితే టోరో మనిషి ఆలోచించడు. పొలమారినప్పుడు దగ్గు వచ్చినట్టు తన పేరు వచ్చేస్తుంది. ఆ ఒక్క ప్రశ్నకు ఆ దొంగ నిజం చెప్పేశాడు, చెప్పానన్న స్పృహ కూడా వాడికి ఉండి ఉండదు.

వాడు ఈ జనంలోనే ఉంటాడు. తన యజమాని ఉపన్యాసానికి ఎన్ని చప్పట్లు పడ్డాయో చూసుకోకుండా ఇంట్లో కూర్చునే రకమా?

కునిహిర టీ బల్లల మధ్యకు వచ్చి నిలబడింది. ఫోర్ట్ పోర్టల్ సంతలో అరటి గెలల అవతలున్న మనిషిని పిలిచినట్టు గొంతెత్తింది.

“అరాలీ!”

ఎంపాకోలు లేని గండావాళ్ళూ, అచోలీవాళ్ళూ కొత్త మందుకేదో ప్రచారం అనుకుని మళ్ళీ ఫోన్లలో పడ్డారు. ముగ్గురు మాత్రం ఠక్కున తలలు తిప్పారు.

మొదటివాడు మందుల కంపెనీ స్టాలులో కూర్చున్న బహెముకా అనే ముసలాయన. “ఆఁ, ఇక్కడున్నానమ్మా! నీ ఎంపాకో ఏంటి తల్లీ?” అంటూ అప్పుడే లేచి వచ్చేస్తున్నాడు. రెండోవాడు కసేసె నుంచి డాక్టర్లను తీసుకొచ్చిన వ్యాను డ్రైవరు. నోట్లో సమోసా ఉండడం వల్ల మాట రాక, చెయ్యెత్తి ఊపాడు.

మూడోవాడు హాలు మెట్ల దగ్గర ఉన్నాడు. పిలుపు వినగానే గిర్రున తిరిగాడు. కునిహిరను చూశాడు. మరుక్షణం పైకి చూసి, తను తల తిప్పింది పైన తిరిగే ఫ్యాను కోసమే అన్నట్టు దాన్ని పరీక్షగా చూడసాగాడు. నల్ల సూటు, రొమ్ము మీద నిర్వాహకుల ఆకుపచ్చ రిబ్బను. సంఘం కార్యదర్శి డాక్టర్ అటుహైరె. ఆమె వ్యాసం పచ్చిగా ఉందని తిప్పికొట్టిన మహానుభావుడు.

“అబ్వోలిని, పెద్దాయనా” అంది కునిహిర, చూపు అటునుంచి తిప్పకుండా. “ఆ మెట్ల దగ్గరున్నాయన కూడా అరాలేనా? పేరు చూస్తే పక్క ప్రాంతం అంకోలే ఆయనలా ఉన్నాడే?”

“పేరు వాళ్ళ నాన్నదమ్మా. పెరిగింది మాత్రం మా వీధిలో, మేనమామ ఇంట్లో. వాడికి ఎంపాకో పెట్టిన రోజు వాళ్ళింట్లో నేను రాగిముద్ద తిన్నాను. నా పేరే పెట్టారని ఎంత మురిసిపోయానో!” బహెముకా మొహం చిట్లించాడు. “పిలిస్తే పలకడే? వీడికేం తెగులొచ్చింది? ఎంపాకో పెట్టి పిలిస్తే పలకనివాణ్ణి నా జన్మలో చూళ్ళేదు.”

కునిహిర కూడా చూడలేదు. తల తిప్పిన ముగ్గురిలో ఇద్దరు పలికారు. పలకడానికి భయం ఉన్నవాడు ఒక్కడే. వ్యాసాలు ఎంపిక చేసే కుర్చీలో కూర్చుని కుర్రకారు పని అంతా చదువుతాడు. నచ్చిందాన్ని పచ్చిగా ఉందని తిప్పి పంపుతాడు. ఆ తర్వాత ప్రొఫెసర్ ఖాతాలో దూరి, కన్నీళ్ళు తుడిచే నెపంతో మిగతాది కూడా లాగేస్తాడు. వండినవాళ్ళను వాకిట్లో నిలబెట్టి, కుండ తీసుకెళ్ళి దొరగారి ముందు పెట్టడమే వాడి ఉద్యోగం. ఛీ, ఇంత చదువు చదివి చేరుకున్నది ఈ ఎంగిలి పనికా!

అటుహైరె తల వంచుకుని ఫోన్ మీద బొటనవేళ్ళు ఆడిస్తున్నాడు. కునిహిర చేతిలో ఫోన్ అదిరింది. పంపింది ‘ప్రొఫెసర్ కాస్మస్ బగూమా’. అసలు ప్రొఫెసర్ ఆ మూల ఎవరి భుజం మీదో చెయ్యేసి ఫొటో దిగుతున్నాడు.

‘అబ్వోలి, అల్లరి చేయకు. కాగొరొ పశువుల రాంచి కంచె దాటిన కథ నువ్వే నాకు రాశావు, నా దగ్గర భద్రంగా ఉంది. అనుమతి లేకుండా పరాయి పశువుల్ని ముట్టుకున్న డాక్టరు లైసెన్సు ఏమవుతుందో నీకు తెలుసు. వచ్చే ఏడు నీ వ్యాసం నేనే దగ్గరుండి పెట్టిస్తాను. వెళ్ళి టీ తాగు.’

నిజమే, తనే రాసింది. రిటైర్డ్ బ్రిగేడియర్ కాగొరొ రాంచి, అంటే కంచె వేసిన పశువుల క్షేత్రం, టోరో సరిహద్దులో అన్నిటికన్నా పెద్దది. అక్కడి కోడెలు దేశమంతా అమ్ముడవుతాయి, వాటితో పాటు ఏ మందుకీ చావని పిడుదులూ దేశమంతా పోతున్నాయని ఆమెకు గట్టి అనుమానం. ఎన్ని దరఖాస్తులు పెట్టినా లోపలికి రానివ్వలేదు. చివరికి ఒక మధ్యాహ్నం కంచె దూరి, పిడుదులు ఏరి సీసాలో వేసుకుంది. బయటికొస్తుంటే కాపలావాళ్ళు పట్టుకుని, ఫొటో తీసి, పేరు రాసుకుని, తిట్టి వదిలారు. పటంలో అన్నిటికన్నా పెద్ద ఎర్ర మచ్చ ఆ రాంచిదే. ఆ సంగతి బయటపడితే లైసెన్సు పోతుంది, లైసెన్సు పోతే ఉద్యోగం పోతుంది.

గంట కొట్టారు. ప్రశ్నల సమయం. అందరూ హాల్లోకి కదిలారు. కునిహిర ఇంటికి పోదామా అనుకుంది. ‘వెళ్ళి టీ తాగు’ అన్న ముక్క మళ్ళీ ఒకసారి చదివింది. ఇక పోబుద్ధి కాలేదు.

లోపల మైకు పట్టుకుని అటుహైరే తిరుగుతున్నాడు. వేదిక మీద ప్రొఫెసర్. వెనక తెర మీద ఆ పటమే. ముందు వరసలో ముఖ్య అతిథి కునుకు తీస్తున్నాడు. రాత్రి విందుకు తన కోడెల్ని కోయించిన దాత, బ్రిగేడియర్ కాగొరొ. ఇందాక ఉపన్యాసం జరుగుతున్నప్పుడు కూడా ఆయన అలాగే కునికాడు. తన రాంచి తెర మీద ఎర్రగా మండుతోందని ఆయన ఎరగడు. దాన్ని చూపించిన ప్రొఫెసర్ కూడా ఎరగడు. తను గీయని పటంలో ఏముందో ఎవడికి మాత్రం ఏం తెలుస్తుంది?

కునిహిర చెయ్యెత్తింది. అటుహైరె ఆమె పక్కనుంచి వెళ్ళిపోయి వెనకున్నాయనకు మైకిచ్చాడు. ఆయన ప్రశ్న అడగలేదు, ప్రొఫెసర్ ఆరోగ్యం గురించి ప్రార్థించాడు. ఆమె చెయ్యి దించలేదు. అటుహైరె మళ్ళీ దాటి పోయాడు.

“ఒరే అరాలీ!” అని చివరి వరసలోంచి బహెముకా కేకేశాడు. “ఆ పిల్ల ఎంతసేపట్నుంచి చెయ్యెత్తిందో కనబళ్ళేదట్రా? మైకివ్వు!”

టోరోవాళ్ళంతా గొల్లుమన్నారు. వందల కళ్ళు చూస్తుంటే ఇవ్వక తప్పలేదు. మైకు అందిస్తూ అటుహైరె ఆమెకు మాత్రమే వినబడేలా, “లైసెన్సు గుర్తుంచుకో” అన్నాడు.

“గుర్తుంది” అంది కునిహిర మైకులోనే. అది హాలంతా వినబడింది. ఆమె వేదిక వైపు తిరిగింది.

“ప్రొఫెసర్ గారూ, ఆ పెద్ద ఎర్ర మచ్చ ఎక్కడిది?”

“అది... మా బృందం చాలా కష్టపడి సేకరించిన ప్రాంతం” అన్నాడు ప్రొఫెసర్.

“నేను చెబుతాను. అది బ్రిగేడియర్ కాగొరొ గారి రాంచి.”

ముందు వరసలో బ్రిగేడియర్ కళ్ళు తెరిచాడు.

“ఈ దేశంలో మందులన్నిటినీ మింగి బతికే పిడుదులు ఆ రాంచిలో ఉన్నాయి. నాకెలా తెలుసంటే, అనుమతి లేకుండా కంచె దూరి వెళ్ళి నేనే ఏరాను. తప్పే, లైసెన్సు తీసేస్తే తీసేయండి.” ఆమె ఆగకుండా ముందు వరస వైపు తిరిగింది. “బ్రిగేడియర్ గారూ, మీ కాపలావాళ్ళ దగ్గర నా ఫొటో ఉంటుంది, నా పేరూ ఉంటుంది. ప్రొఫెసర్ గారి బృందం కూడా మీ రాంచిలో నానా అగచాట్లూ పడిందట. వాళ్ళ ఫొటోలు కూడా ఉన్నాయేమో కనుక్కోండి.”

హాల్లో ఫోన్లన్నీ కిందికి దిగాయి. ఆ రోజు మొదటిసారిగా ఆ జనం ఒక మనిషి చెప్పేది విన్నారు.

బ్రిగేడియర్ లేచాడు. భారీ మనిషి, లేవడానికి కాస్త సమయం పట్టింది. కునిహిర వైపు చూడనే లేదు. వేదిక మీదికి చూశాడు.

“ఏమయ్యా ప్రొఫెసరూ, నా రాంచిలోకి నీ మనుషుల్ని ఎవడు రానిచ్చాడు? నా కోడెలకి రోగమని ఊరంతా బొమ్మేసి చూపిస్తావా?”

“అఫాండే, అది... మా బృందం అంటే...” సిపాయి తన దొరను పిలిచినట్టు పిలిచి, ప్రొఫెసర్ అటుహైరె కోసం చూశాడు. అటుహైరె మళ్ళీ ఫ్యాను వైపు చూస్తున్నాడు.

“అడిగినదానికి చెప్పు. ఆ పటం నీదా, కాదా?”

ప్రొఫెసర్ నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. ఇంతసేపూ ఆయన మొహం మీద ఉన్న ఫొటో నవ్వు ఎటో పోయింది.

“నాది కాదు అఫాండే. నేను... నేను గీయలేదు. నాకు సంబంధం లేదు.”

ముగ్గురు నలుగురు ఆ మాటను అప్పటికే ఫోన్లలోకి ఎక్కించేశారు. బయట గోడ మీద పడే ఉంటుంది. కునిహిర కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె కోరుకున్నది ఆ ఒక్క మాటే.

బ్రిగేడియర్ మెల్లగా వెనక్కి తిరిగాడు. వరసల మీదుగా చూస్తూ, మైకు పట్టుకుని నిలబడిన కునిహిర దగ్గర చూపు ఆపాడు.

“అయితే నీదన్నమాట” అన్నాడు. “ఇలా రా.”